వేలు విడిచిన చుట్టం

పదకొండు.
సెంటీమోర్గాన్లలో.
ఏడూ ఎనిమిదీ అయితే పట్టించుకోను,
చాలావరకు గాలిమాటలవి,
అమ్మవైపు ముక్కా నాన్నవైపు ముక్కా
పక్కపక్కన పడి చుట్టరికంలా కనబడేవి.
పదకొండు మాత్రం గుమ్మం దాకా వచ్చి నిలబడింది,
లోపలికి రమ్మనాలో వద్దో.

పేరు డెలిమా స్పెన్స్. ఊరు నార్వే హౌస్, మానిటోబా.
నేను జెమైమా ఫ్లెట్‌ని, ఆర్క్‌నీలో, స్ట్రామ్‌నెస్ రేవులో
ముప్పై ఏళ్ళు పడవ టికెట్లు చింపినదాన్ని.
మధ్యలో ఒక సముద్రం, ఒక మంచు అఖాతం,
రెండువందల ఏళ్ళు.
యంత్రం అంటుంది: అయిదో తరం నుంచి ఎనిమిదో తరం దాకా.
అంటే తెలీదని, మర్యాదగా.

మా దీవుల్లో లెక్క అంత తేలిక కాదు.
చుట్టూ నీళ్ళు, పెళ్ళికి పక్క పొలమే దిక్కు.
మా ముత్తవ్వ తన మొగుడికి మూడు దారుల్లో చుట్టం.
అందుకే ఇక్కడి రక్తం
విందులో మూడో గ్లాసు దాటిన మేనమామలా
ఉన్నదానికన్నా దగ్గరగా మాట్లాడుతుంది.

మరి గ్రేటా?
నా వంటింటి కిటికీలోంచి ఆమె బాతులు కనిపిస్తాయి.
ఇద్దరం ఒకే బైబిల్ అట్టలోపలి సిరాలో ఉన్నాం,
ఆమె తాత తాతా నా తాత తాతా తోడబుట్టినవాళ్ళు.
పరీక్షలో మా ఇద్దరికీ సున్నా.
తప్పేం లేదు. ప్రతి తరమూ పేక కలిపి
సగం ముక్కలు పంచి సగం బల్లమీదే వదిలేస్తుంది.
ఆ సగంలో నిండు మనుషులే పోతారు.
నా పెద్దల్లో కొందరు
నాలో ఒక్క అక్షరం కూడా లేరు.
గ్రేటా విని, "అయితే ఆరేళ్ళ గుడ్లకి డబ్బిచ్చేయి" అంది.

అక్టోబరులో బార్బరా అత్త దగ్గరికి వెళ్ళాను.
నాన్నకి చెల్లెలు, తొంభై మూడు, నోరెండిన మనిషి.
గొట్టంలో గీత దాకా ఉమ్మి కావాలి.
రూబార్బ్ తలుచుకో అన్నాను, చక్కెర లేకుండా.
కళ్ళు మూసుకుంది. ఇరవై నిమిషాలు.
"ఇంత ఉమ్మి నేనెవరి మీదా వెయ్యలేదే.
వెయ్యాల్సిన వాళ్ళున్నా."

ఏడు వారాలకి జవాబు.
డెలిమాతో అత్తకీ అదే ముక్క, అదే చోట,
నాకన్నా పొడుగ్గా, ఇరవై రెండు.
అంటే గాలి కాదు. అంటే నాన్నవైపు.
అంతవరకే అనాలి.

ఇంకా అనాలని ఉంది.
బొచ్చుతోళ్ళ కంపెనీ లెక్కల్లో ఒక విలియం ఫ్లెట్ ఉన్నాడు,
ఇరవయ్యేళ్ళకి ఓడెక్కి ముప్పై ఎనిమిదికి తిరిగొచ్చి
బ్రహ్మచారినని రాయించి చర్చిలో పెళ్ళాడినవాడు.
అతని పద్దులో ఏటా ఎర్ర ఊలుగుడ్డ రెండు గజాలు,
గాజుపూసలు, ఒకసారి చిన్న కెటిల్.
బ్రహ్మచారికి పూసలెందుకో
గుమాస్తా అడగలేదు.

కానీ అదే ఓడలో మా దీవులవాళ్ళు పదిహేడుమంది.
ఏదో ఒక దారిలో అందరికీ నేను చుట్టాన్నే.
డెలిమాకీ నాకూ ఉమ్మడిగా కలిసేవాళ్ళు నలుగురు.
ఇద్దరు జవాబివ్వరు, ఒకామెకి తాత పేరు తెలీదు,
నాలుగోవాడు తన వంశవృక్షం మొదట్లో
నార్వే రాజుని కూర్చోబెట్టాడు.

డెలిమా రాసింది:
మా అవ్వ వాళ్ళ అవ్వకి కాగితాల్లో పేరు లేదు,
"ఈ దేశపు స్త్రీ" అని ఉంది.
వాన ముందురోజు ఆమెకి మోకాలు లాగేదట.
మీ ఇంట్లో ఎవరికైనా?

అందరికీ. ఇక్కడ రోజూ వానే.

ఎక్కడో ఒక నది ఒడ్డున
ఒక బిడ్డ గుప్పిట్లోంచి ఒక వేలు జారిపోయింది.
అది విలియందో, ఆ పదిహేడుమందిలో ఇంకొకరిదో.
పడమటికి చుక్కల గీత గీశాను, పెన్సిల్‌తో.
కొసన ఏమీ రాయలేదు.

ఆదివారం అత్త అడిగింది, ఎవరైనా దొరికారా అని.
దొరికారన్నాను.
ఎవరంటే,
దుప్పటి సర్ది, కిటికీ మూశాను.